చొక్కాకు గుచ్చిన పువ్వు

గడచిన నవంబరులో కెనడా దేశమునుండి మన సంఘపు యౌవనస్థుడొకడు నాకు ఉత్తరము వ్రాసెను. ఉత్తరమనగా తపాలాలో వచ్చినది కాదు, ఫోనులో వచ్చినదే. అయినను చేతితో వ్రాసినయెడల నాలుగు పుటలకు తక్కువ ఉండదు. ఈ నర్సీపట్నములోనే ఆదివారపు బడిలో కంఠత వాక్యములు ఒప్పగించి బహుమతులు పొందిన పిల్లవాడు. ఇప్పుడు టొరంటో ప్రక్కనున్న బ్రాంప్టనులో ఒక ఆఫీసులో లెక్కలు చూచుచున్నాడు. అతని ప్రశ్న ఇది: “అయ్యగారూ, నవంబరు వచ్చిందంటే ఇక్కడ అందరూ చొక్కాకు ఎర్ర పువ్వు గుచ్చుకుంటారు. యుద్ధాల్లో చనిపోయినవాళ్ల జ్ఞాపకమట. నేను పెట్టుకోలేదని మా పెద్దాయన చూసి, ‘నీకు మా వాళ్లతో ఏమిటి సంబంధంలే’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పెట్టుకుంటే యుద్ధాన్ని మెచ్చుకున్నట్టా? పెట్టుకోకపోతే తిండి పెట్టిన దేశాన్ని కాదన్నట్టా? విశ్వాసి ఏం చెయ్యాలి?”

జవాబు వ్రాయుటకు నాకు మూడు వారములు పట్టెను. ప్రశ్న కఠినమైనందున మాత్రమే కాదు. ఆ పిల్లవానికి తెలియక నాకు తెలిసిన సంగతి ఒకటి కలదు. దానిని ఎట్లు చెప్పవలెనో తోచలేదు. అది ముందుకు వచ్చును. మొదట ఆ పువ్వు సంగతి విచారింతము.

దాని పేరు పాపీ. మన చెవికి ఈ పేరు ‘పాపి’ అని వినబడును. ఆదివారపు బడి పిల్లలకు చెప్పినప్పుడు వారు నవ్వకుండ ఉండలేదు. మన వంటింటి గసగసాల మొక్కకు అది దగ్గరి చుట్టము. త్రవ్వి తిరగవేసిన నేలలో దాని విత్తనములు మొలచును. 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధములో బెల్జియము, ఫ్రాన్సు పొలములు ఫిరంగి గుండ్లచేతను సమాధుల గుంటలచేతను తిరగబడగా, ఆ మట్టిమీద ఈ ఎఱ్ఱని పువ్వులు విస్తారముగా పూచెను. అక్కడ పనిచేయుచున్న కెనడా సైన్యపు వైద్యుడు జాన్ మెక్రే వాటిని చూచి 1915లో ‘ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్’ అను చిన్న పద్యమును వ్రాసెను. మన సర్కారు జిల్లాలకు సువార్త తెచ్చిన కెనడియన్ బాప్తిస్టు మిషనరీల దేశమువాడే ఇతడు. స్నేహితుడొకడు ఫిరంగి గుండుకు చనిపోగా, దగ్గర పాదిరి లేనందున సమాధి ప్రార్థన ఈ వైద్యుడే చెప్పెను. ఆ వెంటనే పద్యము పుట్టెనని చెప్పుదురు. 1918 జనవరిలో అతడును న్యుమోనియాచేత ఆ ఫ్రాన్సు దేశములోనే మరణించెను.

ఆ పద్యమును నేను పలుమార్లు చదివితిని. పదిహేను పంక్తులు, మూడు చరణములు. మొదటి రెండు చరణములు నిర్దోషమైనవి. మృతులు తమ బ్రదుకు నిన్న మొన్నటిదేనని తలంచుకొందురు. సమాధిమీద వ్రాయదగిన విలాపమది. మూడవ చరణములో స్వరము మారును. తాము విడిచిన పగను కొనసాగింపుమని మృతులు బ్రదికియున్నవారిని కోరుదురు. కోరుట కూడ కాదు, మాట తప్పితిరా మాకు విశ్రాంతి లేదని బెదరించినట్లుండును. తెల్లవారక ముందే స్నేహితుని పాతిపెట్టి వచ్చిన మనుష్యుని తప్పుపట్టుటకు నేను చాలను. పద్యమును మాత్రము తప్పుపట్టక తప్పదు. చనిపోయినవాడు తనకు తానుగా ఏమియు అడుగడు. అతని నోట మాట పెట్టువారము మనమే. హేబెలు రక్తము నేలనుండి మొఱపెట్టెనని ఆదికాండము చెప్పుచున్నది. హేబెలుకంటె మేలుగా పలుకు రక్తమొకటి కలదని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పండ్రెండవ అధ్యాయము చెప్పుచున్నది. మెక్రే పద్యము మొదలు ఆ రెండవ రక్తపు దగ్గరకు నడచి వచ్చి, చివర మొదటి రక్తపు వైపునకు తిరిగిపోయెను. ఆ పువ్వు విషయమున నేటివరకు వచ్చిన జగడములన్నిటికి మూలము ఈ పదిహేను పంక్తులలోనే ఉన్నదని నా తలంపు. పెట్టుకొనువారు మొదటి చరణములను చూపుదురు. వద్దనువారు మూడవదానిని చూపుదురు. ఇరుపక్షములవారును నిజమే చెప్పుచున్నారు.

1918 నవంబరులో, యుద్ధము ముగియుటకు రెండు దినములు ముందు, అమెరికాలో మొయినా మైకేల్ అను ఉపాధ్యాయురాలు ఈ పద్యము చదివి ఆ పువ్వును జీవితాంతము ధరింతునని నిర్ణయించుకొనెను. ఆమె అప్పుడు వై.యం.సి.ఏ. వారి పనిలో ఉండెను. అటుతరువాత ఫ్రాన్సు దేశపు అన్నా గెరాన్ అను ఆమె, దిక్కులేని పిల్లలకై గుడ్డ పువ్వులు చేయించి అమ్మి, 1921లో కెనడాకును ఇంగ్లాండుకును ఆ ఆచారమును చేర్చెను. చూడుడి, పద్యము పగను గూర్చి మాటలాడినను, పువ్వును చేతపట్టిన స్త్రీలు అనాథ పిల్లలను తలంచిరి. 1933లో ఇంగ్లాండులోని సహకార స్త్రీల సమాజమువారు తెల్ల పువ్వును తెచ్చిరి. వారిలో అనేకులు భర్తలను కుమారులను యుద్ధమునకు అప్పగించినవారు. ఇక యుద్ధము వద్దని వారి మాట. ఎఱ్ఱ పువ్వువారు ఇది మృతులకు అవమానమనిరి. ఆ రెండు పువ్వుల తగవు ఇప్పటికిని ప్రతి నవంబరులో లేచుచున్నది.

పువ్వు పెట్టుకొనుట స్వేచ్ఛయని దానిని అమ్మువారే చెప్పుదురు. అయినను ప్రజల కన్ను వేరు. జాన్ స్నో అను టెలివిజను వార్తాహరుడు, ఒక బిషపు కుమారుడు, వార్తలు చదువునప్పుడు ఏ గుర్తును ధరింపననగా 2006లో దూషణ పాలయ్యెను. జేమ్స్ మెక్లీన్ అను ఫుట్‌బాలు ఆటగాడు ఐర్లండులోని డెరీ పట్టణమువాడు. 1972 జనవరి 30న ఆ పట్టణములో నిరాయుధులైన ప్రజలపై బ్రిటిషు సైనికులు కాల్పులు జరుపగా పదుముగ్గురు ఆ దినముననే చనిపోయిరి. రెండు ప్రపంచ యుద్ధముల మృతులకు మాత్రమైతే నేను సంతోషముగా ధరింతును, కాని ఈ పువ్వు అన్ని యుద్ధముల సైనికులకు గనుక నా ఊరివారి యెదుట ధరింపలేనని అతడు 2014లో బహిరంగముగా తెలిపెను. ఇంత మర్యాదగా చెప్పిన కారణమును గూడ వినక, ఏటేట ఆటస్థలములలో అతనిని తిట్టిరి.

మన పిల్లవానికి దగ్గరి సంగతి మఱియొకటి. 2019 నవంబరు 9న కెనడా టెలివిజనులో డాన్ చెర్రీ అను హాకీ వ్యాఖ్యాత, వలస వచ్చినవారు మా దేశపు పాలు తేనెలు అనుభవించుచు రెండు డాలర్ల పువ్వు కొనరేమని నిందించెను. రెండు దినములకు అతని ఉద్యోగము పోయెను. పాలు తేనెలు! మోషే నోటి మాటను తెచ్చి పరదేశిపై రువ్వుట ఎంత విపరీతము. ఆ మోషే ధర్మశాస్త్రమే, మీరు ఐగుప్తులో పరదేశులై యుంటిరి గనుక పరదేశిని బాధింపకూడదని పదే పదే జ్ఞాపకము చేయుచున్నది. మరుసటి సంవత్సరము అదే దేశములో ఒక పెద్ద అంగడివారు తమ పనివారు పువ్వు పెట్టుకొనరాదని నియమము చేసి, గొడవ లేవగా వెనుకకు తీసికొనిరి. పెట్టుకొనక తప్పదనుట ఒక బలాత్కారము, పెట్టుకొనరాదనుట మఱియొకటి.

మన దేశమందును ఇట్టివి లేకపోలేదు. 2019 జూను 5న సౌతాంప్టనులో క్రికెట్ ఆడుచు ధోనీ తన చేతి తొడుగుమీద పారా దళముల ‘బలిదాన్’ చిహ్నమును ధరించెను. అంతర్జాతీయ క్రికెట్ మండలివారు నియమము ఒప్పుకొనదని తీయుమనిరి. దేశమంతయు రెండు గుంపులయ్యెను. నియమము చెప్పినవారిని ద్రోహులనిన మాటలు నేను ఇక్కడి టీ కొట్టులోనే వింటిని. అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది వేరొక తీర్పు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబపు పిల్లలు ముగ్గురు జాతీయ గీతమునకు మర్యాదగా లేచి నిలిచిరిగాని పాడలేదని బడినుండి వెళ్లగొట్టబడిరి. 1986 ఆగస్టు 11న సుప్రీము కోర్టు వారిని తిరిగి చేర్చుకొనుమని తీర్పు చెప్పెను. ఆ తీర్పు వ్రాసినవాడు మన తెలుగువాడైన జస్టిస్ చిన్నప్ప రెడ్డి. ఆ పిల్లల సమాజపు బోధ మనకు సమ్మతము కాదు. అయినను మన మనస్సాక్షిని కాపాడిన గోడలో ఆ తీర్పు ఒక రాయి.

ఇప్పుడు ఆ పిల్లవానికి తెలియని సంగతి చెప్పెదను. అతని తల్లియొక్క తాత రెండవ ప్రపంచ యుద్ధములో సైన్యమున చేరి బర్మా సరిహద్దునకు పోయి తిరిగి రాలేదు. శవము రాలేదు, సమాధి ఎక్కడనో తెలియదు. ఒక పింఛను కాగితము వచ్చెను. ఆయన భార్యను నేను నా చిన్నతనమున ఎరుగుదును. గుడిలో వెనుక చాపమీద గోడకు ఆనుకొని కూర్చుండెడిది. ఆమె మరల ఎన్నడును తలలో పువ్వు పెట్టుకొనలేదు.

మన దేశపు పద్ధతి ఇది. అక్కడ మృతునికొరకు పువ్వు పెట్టుకొందురు. ఇక్కడ మృతునికొరకు పువ్వు తీసివేయుదురు. తీసివేసికొందురని వ్రాయబోయి ఆగితిని, ఏలయనగా అది ఆమె ఇష్టముతో జరిగినది కాదు. క్రైస్తవ సంఘములో ఇట్టి ఆచారము లేదని మనము ఉపదేశములలో చెప్పుదుము. కాని మనుమరాలి పెండ్లి దినమున ఆ ముసలమ్మ పెండ్లికూతురికి ఎదురు రాకూడదని ప్రక్క గదిలో కూర్చుండబెట్టినది సంఘపు స్త్రీలే. ఆ గది తలుపుదగ్గర నేను నిలిచియుంటిని, ఏమియు అనలేదు. అప్పుడు నాకు పండ్రెండేండ్లు. అది సాకు కాదు. తరువాత నేను పెద్దవాడనై అనేక పెండ్లిండ్లు జరిపించితిని, అప్పుడును చాలమారులు ఏమియు అనలేదు. యుద్ధమునకు పోయినవాని జ్ఞాపకమును ఆమె తన శరీరముమీద అరువది సంవత్సరములు మోసెను, ఒక్క నవంబరు నెల కాదు. ఆమెను ఎవరును వీరుని భార్యయని పిలువలేదు. అందుచేత, గుర్తు ధరింపుమని ఒకరు ఇంకొకరిని గద్దించునప్పుడు, బ్రాంప్టనులోని ఆ పెద్దాయనను నిందించుటకు నాకు వెంటనే నోరు రాలేదు.

సంఖ్యాకాండము పదునైదవ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయులకు బట్టల అంచులకు కుచ్చులు పెట్టుకొని వాటికి నీలి సూత్రము కట్టుమని చెప్పెను. ఎందుకు? ధరించినవాడు వాటిని చూచి ఆజ్ఞలను జ్ఞాపకము చేసికొనుటకు. ఎదుటివాడు చూచుటకు కాదు. కాలక్రమమున ఏమాయెను? మత్తయి ఇరువదిమూడవ అధ్యాయమున ప్రభువు, మనుష్యులకు కనబడుటకై రక్షరేకులను వెడల్పుచేసి చెంగులను పెద్దవి చేయువారిని గద్దించెను. అదే కుచ్చు, అదే దారము. చూచు కన్ను మాత్రము మారినది. ప్రభువు తానును అంచుగల వస్త్రమే ధరించెను, రక్తస్రావముగల స్త్రీ ముట్టినది దానినే. ఆయన గుర్తును పారవేయలేదు, దానిని కొలత కోలగా చేసినవారిని మందలించెను.

పువ్వు ఎవరి మృతులను లెక్కించును, ఎవరిని విడిచిపెట్టును అను ప్రశ్నయు కలదు. సింహళ ద్వీపములో 1930 ప్రాంతమున పాపీ దినపు సొమ్ము ఎక్కువగా ఇంగ్లాండుకు పోవుచుండగా, అక్కడి మాజీ సైనికులకు తగిన సహాయము లేకపోయెను. అందుమీద కొందరు 1931లో నవంబరు 11న అమ్ముటకు వేరొక పువ్వును తెచ్చిరి. అది సూరియ పువ్వు, మన చెరువు గట్లమీది గంగరావి పువ్వే. తరువాత ఆ ఉద్యమము స్వాతంత్ర్యము కోరువారి చేతికి వచ్చెను. 1934లో మన్యపు జ్వరము ఆ ద్వీపమున వేలకొలది ప్రజలను చంపినప్పుడు, గంగరావి పువ్వు అమ్మిన యువకులే పల్లెలకు మందులు మోసికొనిపోయిరి. నేను చదివిన పువ్వుల కథలన్నిటిలో ఇది నాకు మిక్కిలి నచ్చినది. మన దేశములో స్వాతంత్ర్యానంతరము 1949 నుండి డిసెంబరు 7న సాయుధ దళముల పతాక దినమున మూడు రంగుల చిన్న కాగితపు జెండాలు పంచి, సైనికుల విధవలకును అంగహీనులకును సొమ్ము కూర్చుచున్నారు. ఇందులో జగడము తక్కువ, శ్రద్ధయు తక్కువ. జెండా తీసికొని డబ్బాలో నాణెము వేసి, సాయంకాలమునకు ఆ జెండాను నేలమీద పారవేయుదుము.

మన ఊరి సంగతికి వచ్చెదను. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు అనుచరుల తుపాకులకు స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు తెల్ల పోలీసు అధికారులు చనిపోయిరి. వారి సమాధులు ఈ నర్సీపట్నములోనే యున్నవి. 1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 2022లో ఆయన పేరట జిల్లా ఏర్పడెను, భీమవరములో ముప్పది అడుగుల విగ్రహము నిలిచెను. అది న్యాయమే. ఈ ఊరినుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు రోడ్డును, కొండవారికి తగిన కూలి ఇయ్యక కొట్టి వేయించిరని ఎరిగినవాడెవడును ఆ తిరుగుబాటును తేలికగా తలంచడు.

ఒకప్పుడు మన యౌవనస్థుల కూటములో, ఆ ఇద్దరు అధికారుల సమాధులమీద క్రైస్తవులు పువ్వు పెట్టవచ్చునా అని ప్రశ్న వచ్చెను. గది రెండు పాళ్లయ్యెను. వారు మనలను ఏలినవారి తుపాకులని ఒకడనెను. వారును తల్లులు కన్న బిడ్డలే గదా అని ఒక చెల్లెలు చెప్పెను. దావీదు తన్ను తరిమిన సౌలు చావునకు విలాప గీతము పాడెనని నేను జ్ఞాపకము చేసితిని. ఆ మాట బాగుగానే పనిచేయునని అనుకొంటిని. అప్పుడు వెనుకనుండి, మన్యమునుండి వచ్చి ఇక్కడ చదువుకొనుచున్న కుఱ్ఱవాడొకడు లేచి, “అయ్యగారూ, తెల్లవాళ్లకు సమాధులున్నాయి, రాజుగారికి సమాధి ఉంది. రాజుగారి వెంట పోయి చచ్చిపోయిన మావాళ్లకు ఎక్కడున్నాయి?” అనెను. నా యొద్ద వాక్యమేదియు సిద్ధముగా లేకపోయెను. యుద్ధ సమాధులను చూచు కామన్వెల్తు సంస్థవారే 2021లో తమ నివేదికలో, మొదటి యుద్ధములో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా సైనికులలోను కూలివారిలోను లక్షకు పైబడి మనుష్యులకు పేరైనను వ్రాయలేదని ఒప్పుకొని క్షమాపణ చెప్పిరి. ఆ యుద్ధములో మన దేశపు సైనికులు 74 వేలకు పైగా చనిపోయిరి.

యెహోషువ గ్రంథము ఇరువదిరెండవ అధ్యాయమును ఈ విషయమున ఎవరును బోధించగా నేను వినలేదు. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రమువారు యుద్ధము ముగించుకొని ఇండ్లకు పోవుచు యొర్దాను దగ్గర గొప్ప బలిపీఠమొకటి కట్టిరి. తక్కిన గోత్రములవారు అది విని, వీరు దేవుని విడిచిరని తలంచి షిలోహులో యుద్ధమునకు కూడిరి. ఒక జ్ఞాపకార్థపు కట్టడమునుబట్టి సహోదరులు సహోదరులను చంపబోయిరి. అయితే మొదట ఫీనెహాసును పదిమంది ప్రధానులను పంపి, ఇది ఏమిటని అడిగిరి. అటువారు, రేపు మీ పిల్లలు మా పిల్లలతో, ‘దేవునితో మీకేమి సంబంధము’ అందురేమో యను భయముచేత సాక్షిగా కట్టితిమి గాని బలులకు కాదనిరి. చదువరి ఆ భయమును గమనించునా? ‘మీకేమి సంబంధము’! బ్రాంప్టనులో మన పిల్లవాడు విన్నది ఆ మాటయే. ఫీనెహాసు విని సంతోషించి తిరిగిపోయెను. ఆ సమయమున అతడు అడుగకపోయినయెడల ఏమి జరిగెడిదో.

కావున నేను ఆ పిల్లవానికి ఇట్లు వ్రాసితిని. నీవు పెట్టుకొనవచ్చును, నీ ముత్తాత ఆ పువ్వు లెక్కించుచున్న మృతులలో ఒకడు. నీ పెద్దాయన కన్నుకు భయపడి మాత్రము పెట్టుకొనవద్దు. పెట్టుకొన్న దినమున పగతో కాదు, అవతలి పక్షమున చనిపోయిన జపాను తల్లి కుమారునికొరకును ప్రార్థించుము. నీ ప్రక్క బల్లవాడు పెట్టుకొననియెడల అతనికి తోడుగా నిలువుము. కారణము తెలిసికొనకమునుపు తీర్పు తీర్చవద్దు. తెల్ల పువ్వును ఎఱ్ఱ పువ్వుతో కలిపి పెట్టుకొనువారును అక్కడ కలరు, అదియు నీ యిష్టము. పెద్దాయనతో కోపముగా కాక నీ ముత్తాత సంగతి చెప్పుము. ఆపైన అతని ముత్తవ్వ ప్రక్క గదిలో కూర్చున్న పెండ్లి దినమునుగూర్చి వ్రాసితిని. ఆ భాగము వ్రాయుటకే మూడు వారములు పట్టినది.

నా జవాబు చేరునప్పటికి పువ్వుల పెట్టె తీసివేసిరట. అతడు పెద్దాయనతో ఇంకను మాటలాడలేదు. కాని రంగూను దగ్గర తాక్క్యాన్ అను చోట, సమాధి తెలియని సైనికుల పేర్లు దాదాపు 27,000 రాతిమీద చెక్కియున్నవనియు, వాటి పట్టిక దొరకుననియు తెలిసికొని రాత్రులు వెదకుచున్నాడు. కొన్ని పేర్ల ప్రక్కన తండ్రి పేరు, ఊరి పేరు కూడ ఉన్నవట. అయితే ఆ కాలపు గుమాస్తా మన పేర్లను ఇంగ్లీషులో ఎట్లు వ్రాసెనో తెలియదు; ఇంటిపేరు ముందు పెట్టెనో వెనుక పెట్టెనో, బాప్తిస్మపు పేరు వ్రాసెనో ఊరిలో పిలిచిన పేరు వ్రాసెనో. నిన్న సాయంకాలము అతని తల్లి మా యింటికి వచ్చి, సంఘపు పాత బాప్తిస్మపు పుస్తకములో తాతగారి పేరు సరిగా ఎట్లున్నదో చూచి చెప్పుమని అడిగెను. ఆ పుస్తకము గుడి వెనుక గదిలోని బీరువాలో ఉన్నది, అంచులు చెదలు తినినవి. రేపు ఉదయమున తీసి చూడవలెను.